మగపిల్లల ఆటకి తెర పట్టడం: బెంగళూరులో అందరూ ఆడే నృత్యనాటకం ఎలా తయారుచెయ్యాలి

"మావాడు బాత్రూమ్‌లో తలుపేసుకుని డాన్స్ చేస్తాడండీ. బయట చెయ్యరా అంటే చెయ్యడు."

మారతహళ్ళి నుంచి ఒకావిడ ఫోన్‌లో ఈ మాట అన్నరోజు నా దగ్గర నాటకం లేదు, పిల్లలు లేరు, హాలు లేదు. ఆ తలుపు సంగతి మాత్రం బాగా తెలుసు. చిన్నప్పుడు గజ్జెలకి తువ్వాలు చుట్టి, చప్పుడు కాకుండా స్కూల్ బ్యాగులో లెక్కల పుస్తకం కింద పెట్టుకుని కూచిపూడి క్లాసుకి వెళ్ళినవాణ్ణి నేను. ఆ ఫోన్ తర్వాత, ఆడటం ఇష్టమున్న మగపిల్లల్ని పోగేసి నృత్యనాటకాలు చెయ్యడం మొదలుపెట్టాను. ఇప్పటికి మూడు చేశాను. మొదటిది చెడిపోయింది. ఎందుకు చెడిందో దాచకుండా చెబుతాను, మీకు ఆ ఖర్చు తప్పుతుంది.

ముందు కొలతలు. 9 నుంచి 15 ఏళ్ళ పిల్లలు 12 మంది. 45 నిమిషాల ప్రదర్శన. 16 వారాలు, శని ఆదివారాల్లో రోజుకి రెండేసి గంటలు. మొత్తం 64 గంటలు. ఇంతకంటే తక్కువ టైంలో చేస్తే పిల్లలు స్టెప్పులు అప్పజెబుతారు, నాటకం రాదు. 12 మందిని మించితే వెనక వరసలో నలుగురు మీ కంటికి ఆనరు. మీరు ఎవరికోసం ఇదంతా మొదలుపెట్టారో, చాలాసార్లు ఆ నలుగురే వాళ్ళు.

అందరూ అంటే ఎవరెవరో కూడా మొదటే రాసి పెట్టుకోండి. నా కాగితంలో ఇలా ఉంది: వీల్‌చైర్‌లో తిరిగేవాడు, చెవులు వినపడనివాడు, ఆటిజం ఉన్నవాడు, నడక నాజూగ్గా ఉందని వెక్కిరింపులు తినేవాడు, వాచ్‌మన్ కొడుకు, తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేనివాడు. నాటకం తయారయ్యాక వీళ్ళని ఎక్కడ ఇరికించాలా అని చూడటం మొదలైతే ఆఖరి పాటలో ఓ మూల నిలబెట్టడం దగ్గరే ఆగుతాం. నాటకం వీళ్ళ నుంచి పుట్టాలి.

1. సందేశం రాయకండి

ఈ విషయం మీద ఎవరు స్క్రిప్టు రాసినా ఒకటే కథ వస్తుంది. అబ్బాయికి డాన్స్ ఇష్టం, నాన్న తిడతాడు, ఫ్రెండ్స్ ఏడిపిస్తారు, పోటీలో కప్పు గెలుస్తాడు, నాన్న కళ్ళు తుడుచుకుంటాడు. నా మొదటి నాటకం అక్షరాలా ఇదే. చప్పట్లు బాగానే పడ్డాయి. కానీ 45 నిమిషాల్లో ఆ పిల్లవాడు తిట్లు తిన్నవి 35. ఆడింది 10. పైగా నవ్వు కోసం ఒక సీన్లో "ఆడంగి" అనే మాట పెట్టాను. చూడటానికి వచ్చిన పిల్లలు మర్నాడు మా కుర్రాణ్ణి స్కూలు బస్సులో ఆ మాటతోనే పిలిచారట. అంతకుముందు వాళ్ళకి ఆ మాట తెలీదు. నేర్పింది నేనే.

అందుకని ఇప్పుడు వేసుకునే ప్రశ్న ఒకటే: ఆడుతున్నప్పుడు వీడికి ఏమవుతోంది? ఆపేవాళ్ళ గురించి ప్రేక్షకులకి వేరే చెప్పక్కర్లేదు, వాళ్ళలో సగంమంది ఆ పని చేసినవాళ్ళే.

2. పాత సంగతులు నాలుగు జేబులో పెట్టుకోండి

తండ్రులతో, అసోసియేషన్ పెద్దలతో, హెడ్‌మాస్టర్లతో మాట్లాడేటప్పుడు ఇవి పనికొస్తాయి. "మగాడికి డాన్సేంటి" అనే మాట మన పాత సంప్రదాయంలోది కాదని వాదించకుండానే తెలిసిపోతుంది.

కృష్ణా జిల్లా కూచిపూడిలో తరాల తరబడి మేళాలన్నీ, అంటే ఆడే బృందాలన్నీ, మగవాళ్ళవే. ఆ ఊళ్ళో భాగవతుల ఇళ్ళలో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి మాట తీసుకున్నాడని చెప్పుకుంటారు. వేదాంతం సత్యనారాయణశర్మ గారు సత్యభామగా తెర వెనక నుంచి వస్తే ఆడవాళ్ళే ఆ నడక చూసి నేర్చుకునేవారట. ఆయనకి 1970లో పద్మశ్రీ వచ్చింది. నాటకరంగంలో స్థానం నరసింహారావు గారిదీ అదే దారి, ఆయన స్త్రీ పాత్రలకి పెట్టింది పేరు. తంజావూరు దగ్గర మెలట్టూరులో, తమిళదేశం నడిబొడ్డున, నేటికీ నరసింహ జయంతి రోజుల్లో మగవాళ్ళు తెలుగులో భాగవతమేళా అనే నృత్యనాటకం ఆడతారు.

బెంగళూరు వాళ్ళకి కరగ ఉత్సవం గుర్తు చెయ్యండి. చైత్ర పౌర్ణమి అర్ధరాత్రి ధర్మరాయస్వామి గుడి నుంచి కరగ, అంటే తల మీద పూల కలశం, మోసుకొచ్చేవాడు మగవాడే. గాజులు వేసుకుని, మల్లెపూలతో, ద్రౌపది రూపంలో ఈ నగరం వీధుల్లో ఆడుతూ వెళతాడు, చుట్టూ కత్తులు పట్టిన వీరకుమారులు. చిత్తూరు వైపు వాళ్ళుంటే మగవాళ్ళు ఆడవేషం కట్టే తిరుపతి గంగమ్మ జాతర అనండి చాలు, మిగతా కథ వాళ్ళే చెబుతారు. నర్తకుడు రామ్‌గోపాల్ పుట్టిందీ ఈ బెంగళూరులోనే, 1912లో. ఆ కాలంలోనే విదేశాల్లో మన నాట్యం ఆడి పేరు తెచ్చుకున్నాడు.

ఒక్క జాగ్రత్త. ఈ చరిత్రని బంగారు పళ్ళెంలో పెట్టి చూపించొద్దు. మగవాళ్ళు స్త్రీ వేషం కట్టారంటే ఆడవాళ్ళని వేదిక ఎక్కనివ్వలేదనీ, ఫలానా కులంవాళ్ళే ఆడాలన్నారనీ కూడా అర్థం. పిల్లలు అడుగుతారు. నన్ను ఒకడు అడిగాడు: "అంటే అన్నా, మా అక్క అప్పుడు పుడితే ఆడనిచ్చేవాళ్ళు కాదా?" కాదని చెప్పాను. ఆ అక్క మా మూడో నాటకంలో సూత్రధారి.

3. పిల్లల్ని పట్టుకోవడం

ఆడిషన్ పెట్టకండి. ఆడిషన్‌కి వచ్చేది ఇప్పటికే స్టేజీ ఎక్కినవాళ్ళు, బాత్రూమ్ కుర్రాడు రాడు. వాట్సాప్‌లో ఒక చిన్న మెసేజ్ చాలు: "ఆడటం ఇష్టమున్న మగపిల్లలు రావొచ్చు. డాన్స్ వచ్చి ఉండక్కర్లేదు. ఎలా నడిచినా, నడవకపోయినా రావొచ్చు." అపార్ట్‌మెంట్ గ్రూపులతో సరిపెట్టకుండా ప్రభుత్వ పాఠశాలల టీచర్లకి, వినికిడి లోపం ఉన్న పిల్లల బడులకి, ఫిజియోథెరపీ సెంటర్లకి పంపండి. ఇస్త్రీ బండి అతనికి కూడా చెప్పండి. నాకు ఇద్దరు పిల్లలు అలాగే దొరికారు.

బెంగళూరులో తెలుగువాళ్ళు ఒక్క రకం కాదు. ఉద్యోగాలకి వచ్చి బెళ్ళందూరులో, వైట్‌ఫీల్డ్‌లో ఫ్లాట్లు కొన్నవాళ్ళు ఒకరు. తాతల కాలం నుంచి ఇక్కడే ఉండి, ఇంట్లో తెలుగు, బయట కన్నడం మాట్లాడుతూ తెలుగు అక్షరం రానివాళ్ళు ఇంకొకరు. అనంతపురం, కర్నూలు వైపు నుంచి కట్టుబడి పనులకి వచ్చి షెడ్లలో ఉండేవాళ్ళు మరొకరు. ఈ మూడు ఇళ్ళ పిల్లలూ ఒక తెలుగు నాటకంలో ఉండాలంటే చిన్న చిట్కా ఉంది: కాగితం మీద స్క్రిప్టు ఇవ్వకండి. డైలాగులు వాయిస్ మెసేజ్‌లుగా పంపండి. చదవలేనివాడు బయటపడిపోయే భయం ఉండదు, ఎవడి యాస వాడికి ఉంటుంది.

తల్లులు ఫోన్‌లో ఒప్పుకుంటారు. తండ్రి దగ్గరికి మాత్రం ఆదివారం పొద్దున పదింటికి ఇంటికే వెళ్ళండి. కళల గొప్పతనం మీద ఉపన్యాసం వద్దు. ఒక తండ్రితో మాట ఇలా నడిచింది:

"మావాడు లెక్కల్లో వీకు సార్. ఇప్పుడు ఇదొకటి."

"మీరు ఎప్పుడైనా ఆడారా సార్?"

"నేనా? ఎక్కడ సార్..."

"వినాయక నిమజ్జనంలో?"

నవ్వాడు. "అది వేరే సార్. అది అందరూ ఆడతారు కదా."

"మాదీ అంతే సార్. అందరూ ఆడతారు."

వెంటనే ఒప్పుకోలేదు. టీ అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే "శనివారం ఎన్నింటికి?" అన్నాడు.

4. చోటు

వీల్‌చైర్‌కి ర్యాంప్ ఉందా అని ఈమధ్య అందరూ అడుగుతున్నారు, మంచిదే. వాచ్‌మన్ కొడుకు క్లబ్‌హౌస్‌లోకి రావొచ్చా అని మాత్రం ఎవరూ అడగరు. మేము మొదట ఒక పెద్ద అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో మొదలుపెట్టాం. అద్దాల గోడ, చెక్క నేల, ఏసీ. మూడో వారం అసోసియేషన్ నుంచి మెసేజ్ వచ్చింది: పనివాళ్ళ పిల్లలకి క్లబ్‌హౌస్ వాడకం లేదు. ఆ పిల్లవాడి ఇల్లు అదే కాంపౌండ్‌లో, గేటు పక్క గదే. ఆ సాయంత్రమే సామాను సర్దుకుని ఒక సర్కారు బడి వరండాకి మారాం. నేల గచ్చు, అద్దాలు లేవు, కుక్కలు వచ్చి పడుకునేవి. మాకు అంతకంటే మంచి చోటు మళ్ళీ దొరకలేదు.

గచ్చు మీద గట్టిగా అడుగులు వేస్తే మోకాళ్ళు, మడమలు పోతాయి. పిల్లలవి ఇంకా తొందరగా. జంపఖానాలు జారతాయి, వాడొద్దు. పజిల్‌లా ఒకదానికొకటి తగులుకునే రబ్బరు మ్యాట్‌లు కొనండి. కానీ మెత్తటి మ్యాట్ మీద వీల్‌చైర్ చక్రం కూరుకుపోతుంది కాబట్టి ఒక పక్క ఆరడుగుల వెడల్పున ఖాళీ నేల ఉంచండి. బాత్రూమ్ తలుపు కొలవండి, 90 సెంటీమీటర్లు ఉంటే కుర్చీ ఇబ్బంది లేకుండా వెళుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు దాటి రావాల్సిన పిల్లవాడు ఉంటే సాయంత్రం క్లాసు మర్చిపోండి, పొద్దున ఏడున్నరకి పెట్టండి.

5. నియమాలు, మొదటి రోజే

ఇది తొందరగా చెబుతాను గానీ తొందరగా చేసే పని కాదు. పిల్లలతో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, ఒక్కరు ఉండకూడదు. భంగిమ సరిచెయ్యడానికి ముట్టుకోవాలంటే అడగాలి, వాడు వద్దంటే మాటతోనే చెప్పాలి. బట్టలు మార్చుకునే చోట ఫోన్లు లేవు. తల్లిదండ్రుల సంతకమే కాదు, పిల్లవాడి ఒప్పుదల కూడా కావాలి. వీడియో నెట్‌లో పెట్టడానికి ఇంకో ఒప్పుదల, అది విడిగా. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చెయ్యడం మన బాధ్యత, "పరువు" అని ఊరుకునే వీల్లేదు. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098ని వరండా గోడ మీద పిల్లల కళ్ళ ఎత్తులో రాయించండి.

వాళ్ళలో ఎవడైనా తన గురించి మీకు ఒక్కడికే ఏదైనా చెప్పుకుంటే, అది వాడి మాట. అది కథలోకీ రాకూడదు, వాళ్ళ అమ్మ చెవికీ చేరకూడదు. వాడికి ప్రమాదం ఉందనిపిస్తేనే మినహాయింపు, అది కూడా వాడికి చెప్పి.

6. మొదటి నాలుగు వారాలు: స్టెప్పులు లేవు

ఇక్కడే చాలామంది మాస్టర్లకి చేతులు దురద పెడతాయి. ఓర్చుకోండి.

*పేరు ఆట.* గుండ్రంగా కూర్చోండి లేదా నిలబడండి. ఒక్కొక్కడు తన పేరు చెబుతూ ఒంటితో ఒక కదలిక చెయ్యాలి. మిగతా పదకొండుమందీ దాన్ని ఉన్నదున్నట్టు చెయ్యాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న మా పిల్లవాడి పేరు పలికేటప్పుడు కుడి భుజం ఎగిరి, తల ఎడమకి వాలి, చివర్న వేళ్ళు విచ్చుకునేవి. మిగతావాళ్ళు చెయ్యబోతే రాలేదు. భుజం వస్తే తల రాదు, తల వస్తే వేళ్ళు ఆలస్యం. ఇరవై నిమిషాలు వాడు మాస్టారై కూర్చుని "తప్పు, మళ్ళీ" అన్నాడు. నాకు కూడా రాలేదు. ఎవరికి ఎవరు నేర్పాలి అన్న లెక్క ఆ రోజుతో మారిపోయింది. ఆ కదలికే తర్వాత మా నాటకంలో తీర్మానం, అంటే ముగింపు వరస, అయింది, పన్నెండుమందీ దానితోనే ముగించేవాళ్ళు.

*తలుపు ఆట.* సుద్దముక్కతో నేల మీద తలుపు గియ్యండి. లోపల ఒక్కడు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు వాడు ఎలా ఆడతాడో అలా. బయట అందరూ వీపు తిప్పి కూర్చోవాలి. చప్పుడు మాత్రమే వినాలి. ఆడినవాడు తలుపు తీస్తాను అంటేనే తిరగాలి. కొందరు మూడు వారాలు తియ్యరు. తియ్యకపోయినా ఫర్వాలేదు. సినిమా స్టెప్పులే వస్తాయి, మొహం చిట్లించకండి. తెరమీద హీరో స్టెప్పులకి పేపర్లు చింపి ఎగరేసిన తండ్రులకి పుట్టిన పిల్లలు వీళ్ళు. ఆ స్టెప్పుల్లోనే లయ నేర్చుకున్నారు.

*ఊరి ప్రశ్న.* ఇంట్లో అడిగి రమ్మనండి: మన ఊళ్ళో మగవాళ్ళు ఎక్కడ, ఎప్పుడు ఆడేవాళ్ళు? ఒకడి తాత చెక్కభజన బృందంలో ఆడేవాడట, ఇంట్లో ఎవరికీ తెలీదు. కదిరి దగ్గర పల్లె నుంచి వీడియో కాల్‌లో ఆయన నిలబడి, పంచె ఎగ్గట్టి, చెక్కలు లేక రెండు గరిటెలు పట్టుకుని అడుగు చూపించాడు. ఫోను పట్టుకున్న మనిషి నవ్వుతుంటే బొమ్మ ఊగిపోయింది. ఇంకొకడు శ్రీకాకుళం వైపు తప్పెటగుళ్ళు తెచ్చాడు, గుండెకి కట్టుకుని వాయిస్తూ ఆడే ఆట.

నాలుగో వారం మీరు కూర్చుని చూడండి. ఎవడు ఎప్పుడు అలసిపోతున్నాడు, ఎవడు ఎవడి పక్కన నిలబడితే ధైర్యంగా ఉన్నాడు, ఏ చప్పుడుకి ఎవడు చెవులు మూసుకుంటున్నాడు, ఇవి రాసుకోండి.

7. ప్రవేశ దరువే నాటకం

చట్రం కోసం ఎక్కడెక్కడో వెతికి చివరికి నేర్చుకున్న చోటికే వచ్చాను. కూచిపూడిలో పాత్ర ఊరికే రాదు. ఇద్దరు తెర పట్టుకుంటారు. పాత్ర తెర వెనక నుంచి తానెవరో పాటలో, ఆటలో చెప్పుకుంటూ వస్తుంది, దాన్నే ప్రవేశ దరువు అంటాం. భామాకలాపంలో సత్యభామ మొహం కంటే ముందు జడ తెర మీద నుంచి ఇవతలికి పడుతుంది. నేనెవరో నేను చెబుతాను, మీరు చూడండి అనే ఆ ఠీవి చూడండి. వెక్కిరింపులు తిన్న పిల్లవాడికి ఇవ్వాల్సింది అదే.

కాబట్టి ప్రతివాడికీ ఒక దరువు. రెండు నిమిషాలు. పన్నెండుమందికి 24 నిమిషాలు, నాటకంలో సగం పైన ఇక్కడే అయిపోయింది. తయారీ ఇలా:

ముందు తెర. ఆరడుగుల పొడవు నూలు గుడ్డ, రెండు వెదురు కర్రలు ఉంటే పట్టుకోవడం సులువు. పట్టుకునేవాళ్ళు కూడా పిల్లలే, వంతులవారీగా.

తర్వాత వస్తువు. తెర దాటి మొదట కనిపించేది ఒక్కటే ఉండాలి. ఒకడు స్కూల్ బ్యాగు ఎగరేశాడు. ఒకడు వికెట్ కీపింగ్ గ్లవ్స్ వేసుకున్న చేతులతో పతాక, త్రిపతాక ముద్రలు పట్టాడు. వీల్‌చైర్ కుర్రాడు తెర పైన ఏదీ వద్దన్నాడు, కింద నుంచి జానెడు ఎత్తమన్నాడు. అక్కడ చక్రం, చక్రానికి గజ్జెలు. గజ్జెలు కట్టేటప్పుడు ఇరుసు దగ్గర, గుడ్డ పీలికతో బిగించి కట్టండి. అంచు దగ్గర కడితే తోసేటప్పుడు వేళ్ళు పడతాయి. ఒక చక్రానికి ఎనిమిదో పదో చాలు, ఎక్కువైతే బరువు ఒక పక్కకి లాగుతుంది. మర్చిపోకుండా టైర్లలో గాలి చూడండి.

ఆ తర్వాత మాట. నాలుగు లైన్లు, వాడి నోటితో. "నేను ఎవరి కొడుకుని" అని రాయొద్దని చెబుతాను, లేకపోతే అందరూ అదే రాస్తారు. నేను ఎలా నడుస్తాను, నాకు ఏ చప్పుడు ఇష్టం, నాకు ఎవరితో గొడవ, నేను ఏం తెచ్చాను. అంతే.

మిగిలిన 21 నిమిషాల్లో మూడు గుంపు సన్నివేశాలు చాలు: బడి, వీధి, నిమజ్జనం. వెక్కిరింపు ఎక్కడైనా రావాలంటే ఒక్కసారే, మాట లేకుండా. మేమైతే తాళం ఆపేశాం. పన్నెండుమందీ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు. హాల్లో ఆ మౌనం పది సెకన్లు ఉండాలి, ప్రేక్షకులు కుర్చీల్లో ఇబ్బందిగా కదిలే దాకా. తర్వాత ఒకడు పాదంతో కాకుండా నాలికతో "తకిట" అంటాడు. మళ్ళీ మొదలు.

8. సూత్రధారుణ్ణి బాగా వాడుకోండి

చూపు లేని ప్రేక్షకులకి వేదిక మీద జరిగేది ఎవరో చెవిలో చెప్పాలి, దానికి హెడ్‌ఫోన్లు, పరికరాలు అని పెద్ద హాళ్ళలో ఏర్పాటు చేస్తారు. మనకి ఆ పని చేసే మనిషి నాటకంలోనే ఉన్నాడు. భామాకలాపంలో సూత్రధారుడే సత్యభామకి మాధవి, కృష్ణుడికి మాధవుడు. ఆడా మగా రెండు వైపులా తిరిగే మనిషి, జరుగుతున్నది ప్రేక్షకులకి చెబుతూనే పాత్రలతో పరాచికాలాడతాడు. మా సూత్రధారి ఇలా అనేది: "అదిగో, ఎడమ పక్క నుంచి వస్తున్నాడయ్యా! కాళ్ళకి కట్టాల్సిన గజ్జెలు చక్రానికి కట్టుకొచ్చాడు! ఏమయ్యా, అంత వేగమా?" చూసేవాళ్ళకి అది హాస్యం, చూడలేనివాళ్ళకి అది బొమ్మ. ఈ మాటలు రాసేటప్పుడు చూపు లేని ఒకరిని రిహార్సల్‌కి పిలిచి వినిపించండి. ఎక్కడ ఎక్కువ చెబుతున్నామో వాళ్ళే ఆపుతారు.

చెవులు వినపడని ప్రేక్షకులకి సైగల భాష తెలిసినవాళ్ళని పెట్టుకోండి. స్క్రిప్టు రికార్డింగ్ రెండు వారాల ముందు ఇవ్వాలి. వాళ్ళు వేదిక అంచున, వెలుతురులో, సూత్రధారి పక్కనే నిలబడాలి. చీకటి మూలలో నిలబెడితే పెట్టనట్టే లెక్క.

9. తాళం అందరిదీ

వీల్‌చైర్‌ని ఒక్కసారి తోస్తే అది కాసేపు తనంతట తాను జారుతుంది. ఎనిమిది దెబ్బల ఆదితాళంలో ప్రతి దెబ్బకీ తొయ్యమంటే చేతులు పడిపోతాయి. మిశ్రచాపు తాళం తీసుకోండి: తకిట తకధిమి, మూడూ నాలుగూ ఏడు. "తకిట"కి తోపు, "తకధిమి"కి జారుడు. పాటలో జారు గమకం, అంటే స్వరం నుంచి స్వరానికి జారడం, ఎలా ఉంటుందో ఆ నాలుగు అక్షరాలూ కుర్చీ అలా సాగుతుంది. మిగతా పిల్లలు కూడా ఆ నాలుగింటికీ అడుగు వెయ్యకుండా ఒంటిని జారనివ్వాలి. ఇది నేర్చుకోవడానికి వాళ్ళకి మూడు వారాలు పట్టింది.

వినపడని పిల్లవాడికి తాళం కళ్ళతోనూ పాదాలతోనూ అందాలి. నట్టువాంగం పట్టుకున్నవాళ్ళు, అంటే తాళాలు వాయించి ఆట నడిపించేవాళ్ళు, వాటిని ఒళ్ళో కాకుండా ఛాతీ ఎత్తులో, పెద్దగా ఊపాలి. బోలుగా ఉండే చెక్క బల్ల మీద డప్పు ఆనించి వాయిస్తే ఆ అదురు బల్ల మీద నిలబడ్డవాడి అరికాళ్ళకి తెలుస్తుంది. గచ్చు నేలకి ఆ అదురు రాదు. మావాడు మాత్రం వీటన్నిటికంటే పక్కవాడి భుజాన్నే నమ్మాడు. వాడి కంటే ఆ పక్కవాడికే టెన్షన్: "నేను తప్పితే వాడూ తప్పుతాడు అన్నా."

ఆటిజం ఉన్న పిల్లవాడికి ప్రతి వారం వరస మారకూడదు. పేరు ఆట, నీళ్ళు, దరువు, నీళ్ళు, గుంపు అని బొమ్మలు గీసి గోడకి అంటించండి. శబ్దం ఎక్కువైతే వెళ్ళి కూర్చోవడానికి ఒక మూల ఉండాలి. మేమైతే ఆ మూలని నాటకంలోనే పెట్టేశాం, చాప వేసి. ఎప్పుడైనా వెళ్ళొచ్చు, ఎవరైనా వెళ్ళొచ్చు. ప్రదర్శన రోజు అందరికంటే ఎక్కువసార్లు అక్కడ కూర్చుంది నేను.

10. పాట, వేషం

సినిమా పాట వాడితే జనం ఊగుతారు, కానీ బహిరంగంగా వాడాలంటే మామూలుగా లైసెన్సు కావాలి. పాట హక్కులకి ఐపీఆర్ఎస్, రికార్డింగ్ హక్కులకి పీపీఎల్ అనే సంస్థలున్నాయి. క్షేత్రయ్య, అన్నమయ్య పదాలు పాతవే అయినా కొత్తవాళ్ళు కట్టిన బాణీలకీ రికార్డింగులకీ హక్కులుంటాయి. పిల్లల నాలుగు లైన్లకి మీరే బాణీ కట్టుకుంటే ఏ గొడవా లేదు.

వేషానికి ఒక ట్రంకు పెట్టె. అందులో జడలు, మీసాలు, పంచెలు, చీరలు, టోపీలు, గాజులు. ఎవరికి ఏది అని మీరు చెప్పకండి. మొదటి రోజు అందరూ మీసాలు తీసుకుంటారు. ఐదో వారానికి జడల కోసం వంతులు పెట్టాల్సి వస్తుంది. ఈ పిల్లలకి కాలికి 50 గజ్జెలు దాటొద్దు.

11. హాలు, ప్రదర్శన

వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి వాళ్ళ శ్రీకృష్ణదేవరాయ కళామందిరం మన ప్రేక్షకులకి అలవాటైన చోటు. జేపీ నగర్‌లో రంగశంకర 2004 నుంచి ఉంది, నాటకాల వాళ్ళు ఎక్కువ. అక్కడ సమయం దాటితే లోపలికి రానివ్వరు, మన బంధువులకి ముందే గట్టిగా చెప్పండి. జేసీ రోడ్డులో రవీంద్ర కళాక్షేత్ర పెద్దది, 12 మంది పిల్లలు అందులో చిన్నబోతారని నా అభిప్రాయం.

ఏ హాలైనా ఫోన్‌లో మాట నమ్మకండి. ఒకచోట "ర్యాంప్ ఉంది సార్" అన్నారు. తీరా వెళితే అది భోజనాల హాలుకి గుండిగలు దొర్లించే ర్యాంప్. వేదికకి ఏడు మెట్లు. నలుగురం కలిసి కుర్చీతో సహా ఎత్తాం. పైకి వెళ్ళాక వాడు నన్ను చూసి, "అన్నా, నా ప్రవేశ దరువు ఇక్కడే అయిపోయింది" అన్నాడు. అందరూ నవ్వారు, వాడు తప్ప. అప్పటినుంచి బుక్ చేసేముందు ఆ పిల్లవాడినే తీసుకెళ్ళి వాడు సరే అంటేనే అడ్వాన్సు ఇస్తున్నాను.

లెక్క కూడా తెలుసుకోండి. ర్యాంప్ వాలు ఒకటికి పన్నెండు ఉండాలి. మూడడుగుల వేదికకి 36 అడుగుల ర్యాంప్, చాలా హాళ్ళలో అంత చోటే ఉండదు. తేలికైన దారి వీధి నాటకం వాళ్ళది: నేల మీదే ఆడండి, జనాన్ని మూడు పక్కలా కూర్చోబెట్టండి. బడి ఆవరణలో సాయంత్రం ఐదింటికి ఆడితే లైట్ల ఖర్చు కూడా తగ్గుతుంది.

లైట్లు పెడితే టపటపా మినుకుమనేవి వద్దు, ఫిట్స్ ఉన్నవాళ్ళకి ప్రమాదం. కనీసం ఒక ప్రదర్శన సడలించి పెట్టండి: హాలు పూర్తిగా చీకటి చెయ్యరు, శబ్దం తగ్గిస్తారు, తలుపులు తెరిచే ఉంటాయి, పిల్లలు అరిచినా లేచి తిరిగినా ఎవరూ "ష్" అనరు. ముఖ్య అతిథులు, శాలువాలు, జ్ఞాపికలు ఉంటే ఆట అయ్యాకే. ముందు పెడితే గంట మేకప్‌తో నిలబడ్డ పిల్లల కాళ్ళు చల్లబడిపోతాయి.

12. అయ్యాక

మూడో రోజు ప్రతి ఇంటికీ ఫోన్ చెయ్యండి, చప్పట్లు ఆగాక పిల్లలకి ఒక్కసారిగా ఖాళీగా అనిపిస్తుంది. నేర్చుకుంటానన్నవాడికి గురువుని మీరే వెతికి పెట్టండి. ఆ గురువుతో ముందుగా మాట్లాడి, "మగపిల్లలకి విడిగా తాండవం మాత్రమే" అని ఉద్ధృతమైన ఆటే నేర్పే మనిషా, సుకుమారమైన లాస్యం కూడా నేర్పే మనిషా కనుక్కోండి. ఇక చాలు అన్నవాణ్ణి వదిలెయ్యండి.

ట్రంకు పెట్టె సర్దేటప్పుడు జాబితా పెట్టుకుని లెక్క చూసుకోండి. మూడుసార్లూ మీసాలు, టోపీలు, గాజులు అన్నీ సరిపోయాయి. జడ మాత్రం ప్రతిసారీ ఒకటి తగ్గింది. ఎవరినీ అడగకండి. బడ్జెట్‌లో ఒక జడ ఎక్కువ రాసుకోండి.